శ్లాబుకు కన్నం పెట్టి స్కైలైట్ వేయించడానికి 45 వేలా, లక్షా అరవై వేలా?

చీకటిహాలు_ఎంవీపీ
మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో 2004లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. దక్షిణాన ఖాళీగా ఉన్న స్థలంలో పక్కవారు నిరుడు మూడంతస్తులు లేపడంతో మా పై హాలులో పట్టపగలే లైటు వేసుకోవలసి వస్తోంది. హాలు శ్లాబులో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున కన్నం తీయించి పైన అద్దం వేయిద్దామని ముగ్గురిని పిలిచి చూపించాను. మొదటివారు 45,000, రెండవవారు 85,000, మూడవవారు 1,60,000 చెప్పారు. కొలత ఒకటే, ఇల్లు ఒకటే, ధర మాత్రం మూడున్నర రెట్లు పెరిగింది. ఇది చాలదన్నట్టు మెట్ల మీద ఐదడుగులు, ఎనిమిదడుగుల పాలికార్బొనేట్ (వెలుతురు వచ్చే గట్టి ప్లాస్టిక్) షీటు ఒకటుంది. 2015లో వేయించినది ఇప్పుడు పసుపు తిరిగి, అంచుల్లో చిట్లి, వాన పడితే మూడో మెట్టు మీద గిన్నె పెట్టుకునే స్థితికి వచ్చింది. దాన్ని మార్చడానికి ఒకరు 14,000 అంటే ఇంకొకరు 38,000 అంటున్నారు. ఇంత తేడా ఎక్కడ వస్తోందో తెలిసినవారు చెప్పగలరు.

డాలర్_లెక్కలు
మేము ఇక్కడ అమెరికాలో రెండు వేల డాలర్లకు ఒక స్కైలైట్ పెట్టించాం. పొద్దున వచ్చి సాయంత్రానికి ముగించి వెళ్లారు. లక్షా అరవై వేలు చెప్పినవారు మా ఊరి ధర చూసి చెప్పినట్టున్నారు.

సెంట్రింగ్_సూరి
డాలర్_లెక్కలు గారు, మీ ఇంటి కప్పు చెక్కది. రెండు చెక్క దూలాల మధ్య రంపంతో కోసి, తయారుగా వచ్చిన ఫ్రేము దించేస్తే పని అయిపోతుంది. ఇక్కడ కోయవలసినది ఐదంగుళాల కాంక్రీటు శ్లాబు. ఆ నాలుగు బై ఆరు ముక్క దాదాపు 700 కిలోలు తూగుతుంది. కింద సరుగుడు బాదులతో గట్టిగా ఊతం పెట్టి, డైమండ్ బ్లేడుతో చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ మోసి దించాలి. అందులో తెగేది కాంక్రీటు ఒక్కటే కాదు, శ్లాబు బరువును మోస్తున్న రాడ్లు కూడా తెగుతాయి. తెగిన రాడ్లు మోసిన బరువును ఇంకెవరో మోయాలి కాబట్టి కన్నం చుట్టూ కొత్త బీములో, ఇనుప ఛానెళ్లో వేసి, దాన్ని పాత బీముల మీదికి అందించాలి.

చీకటిహాలు గారు, మీ ముగ్గురి ధరల్లో ఎవరెవరు ఏమేమి కలిపారో రాయండి. 45 వేలలో ఛానెళ్లు లేవనే నా అనుమానం.

చీకటిహాలు_ఎంవీపీ
అనుమానం నిజమే. మొదటివారి కాగితంలో కోత, ఇనుప ఫ్రేము, 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం మాత్రమే ఉన్నాయి. రెండవవారు లామినేటెడ్ అద్దం, స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్రేము, చుట్టూ ఇటుక కట్ట ఇస్తామన్నారు. మూడవవారు ఇంజనీరు డ్రాయింగు, ఇనుప ఛానెళ్లు, రెండు పొరల అద్దం, వాటర్‌ప్రూఫింగు, ఐదేళ్ల హామీ అని రాశారు. ఛానెళ్ల సంగతి అడిగితే మొదటి మేస్త్రి, “ఏటీ అవ్వదు బాబూ, ఇలాంటివి నాలుగైదు కోసేను” అన్నాడు.

సెంట్రింగ్_సూరి
కోసిన రోజు నిజంగానే ఏమీ కాదు. రెండు మూడేళ్లకు కన్నం మూలల నుంచి ఏటవాలుగా సన్నటి పగుళ్లు బయలుదేరతాయి, వాటిలోకి వాన నీరు దిగుతుంది, రాడ్డు తుప్పు పట్టి ఉబ్బి కింది సిమెంటు పెచ్చులూడుతుంది. అప్పటికి మేస్త్రి ఫోను నంబరు మారి ఉంటుంది.

ఉక్కునగరం_విశ్రాంతి
ఇంజనీర్లు మనుషుల్ని భయపెట్టడం మానరు. మా కూర్మన్నపాలెం ఇంట్లో 2011లో మూడడుగుల చదరం కన్నం తీయించి పాలికార్బొనేట్ వేయించాను. అప్పట్లో మొత్తం 9,000 అయింది. ఈనాటికీ ఒక్క పగులు లేదు.

సెంట్రింగ్_సూరి
మూడడుగుల చదరానికీ ఆరడుగుల పొడవుకీ చాలా తేడా ఉంది. మీ కన్నం గోడ వారగా, బీముకు దగ్గరగా ఉండి ఉంటుంది. వారి హాలులో నడిమధ్యన తీయాలంటున్నారు, వంపు బలం ఎక్కువగా పడేది సరిగ్గా అక్కడే.

ఉక్కునగరం_విశ్రాంతి
గోడ వారగానే ఉంది. మీరు మా ఇంటికి ఎప్పుడు వచ్చారు?

గాజువాక_గాజుపని
ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి అద్దం సంగతి నేను చెబుతాను. టఫెన్డ్ అద్దం గట్టిదే, కాదనను. కానీ అది పగిలిందంటే ఒక్కసారిగా వేల ముక్కలై రాలుతుంది. రాయి పడక్కరలేదు, తయారీలో లోపల చిక్కిన నికెల్ సల్ఫైడు రేణువు వల్ల ఎండలో తనంతట తానే పగిలిన అద్దాలు ఉన్నాయి. తలుపుకో, షవరు గదికో ఉన్న అద్దం పగిలితే ముక్కలు కాళ్ల దగ్గర పడతాయి, కప్పుకు ఉన్నది పగిలితే అన్నం తింటున్న మనిషి నెత్తిన పడతాయి. తల మీద వేసే అద్దం లామినేటెడ్ అయి తీరాలి. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండటం వల్ల పగిలినా ముక్కలు దానికే అంటుకుని వేలాడతాయి. ఈ మధ్య నేను తీసుకుంటున్న ధర 6 ప్లస్ 6 (ఆరేసి మిల్లీమీటర్ల రెండు అద్దాల) లామినేటెడ్‌కు చదరపు అడుగుకు 400 నుంచి 450, 12 మిల్లీమీటర్ల టఫెన్డ్‌కు 220 నుంచి 260. దీని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీ 24 చదరపు అడుగులకు ఈ రెండింటి మధ్య తేడా జీఎస్టీతో కలిపినా ఏడు వేలకు మించదు. 45 వేలను లక్షా అరవై వేలు చేసినది అద్దం కాదు.

ఇంకొక మాట. లామినేటెడ్ అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది, మీ ముక్క 67 కిలోలు. మెట్ల మలుపులో తిప్పడానికి వీలుందో లేదో ముందే కొలుచుకోండి. వీలు లేకపోతే బయటి నుంచి తాళ్లతో లాగాలి, ఆ కూలి వేరు.

హుద్‌హుద్_బాధితుడు
అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు, ఎగిరిపోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో మా సీతమ్మధార ఇంటి మెట్ల మీది షీటు ఉదయం పదకొండు దాటాక లేచిపోయింది. చప్పుడు కూడా వినబడలేదు, ఆ హోరులో ఇంకేమీ వినబడే వీలు లేదు. తల ఎత్తి చూస్తే ఆకాశం ఉంది. నీళ్లు మెట్ల మీదుగా జలపాతంలా దిగి, కింది గదిలో పిల్లల పుస్తకాలన్నీ తడిశాయి. మూడు రోజుల తరువాత ఆ షీటు రెండు వీధుల అవతల ఒకరి వేపచెట్టు మీద దొరికింది. తెచ్చి మళ్లీ బిగించారు మా నాన్నగారు, ఖర్చు లేదని.

పోర్టువైపు_గాలి
పసుపు తిరిగిందా, నల్లబడిందా? మా జ్ఞానాపురంలో ఏ రంగు షీటు వేసినా బొగ్గు దుమ్ముతో ఆరు నెలలకు నలుపే.

సెంట్రింగ్_సూరి
బాధితుడు గారు చెప్పినది లెక్క వేసి చూపిస్తాను. గాలి ఒత్తిడికి మనం పాటించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద 1,500 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. నాలుగు బై ఆరు స్కైలైట్‌ను ఆ లెక్కన సుమారు 340 కిలోల బలం పైకి లాగుతుంది, కప్పు అంచుల్లో అది ఇంకా ఎక్కువ. 67 కిలోల అద్దం కూడా సొంత బరువుతో నిలవదు, మరి 10 మిల్లీమీటర్ల బోలు పాలికార్బొనేట్ షీటు తూగేది నాలుగు కిలోలు. అందుచేత అద్దాన్ని కేవలం సిలికాన్‌తో అతికించి వదిలేయకుండా, అంచు మీదుగా లోహపు పట్టీ వేసి, స్క్రూలను కట్టలోని కాంక్రీటు దాకా దింపాలి. ఈ పని చేస్తారా అని మీ ముగ్గురినీ అడగండి. జవాబు వింటే ధరల తేడా సగం అర్థమవుతుంది.

ఎండాడ_ఎండ
ఖర్చు గురించి అడిగారు కాబట్టి కట్టిన తరువాతి ఖర్చు నేను చెబుతాను. మాకు ఎండాడలో 2019లో కట్టిన ఇంట్లో హాలు మీద సరిగ్గా ఇదే కొలత స్కైలైట్ ఉంది, మామూలు తెల్ల అద్దం. గృహప్రవేశానికి వచ్చినవారంతా మెచ్చుకున్నారు, అది జనవరి. ఏప్రిల్ వచ్చేసరికి సోఫాను గోడవైపు జరిపాం. మే నెలలో హాలు వదిలేశాం. మన ఊరు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తిన ఉంటాడు. పడుకోబెట్టిన అద్దంలోంచి ఆ ఎండ నేరుగా దిగుతుంది. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల ఎండలో తెల్ల అద్దం దాదాపు 80 శాతం లోపలికి వదిలేస్తుంది. లెక్కిస్తే 1,700 వాట్లకు పైగా తేలింది, అంటే అర టన్ను ఏసీ చేసే చల్లదనం అంతా ఆ ఒక్క కన్నానికే సరిపోతోంది. చివరికి 2022లో దాని కింద తెర కట్టించాం. వెలుతురు కోసం కన్నం పెట్టించి, ఆ కన్నానికి కర్టెను వేసుకున్న ఇల్లు మాది.

ఉక్కునగరం_విశ్రాంతి
ఎండాడలో ఎండ ఉండదా మరి.

చీకటిహాలు_ఎంవీపీ
ఎండ గారు, రెండు పొరల అద్దం వేస్తే ఈ బాధ తగ్గుతుందా? మూడవవారు దానికే 22,000 అదనంగా వేశారు.

గాజువాక_గాజుపని
రెండు పొరలు ఉంటే చాలదు, అందులో ఒకదానికి వేడిని వెనక్కి కొట్టే పూత ఉండాలి. కాగితంలో లో-ఈ అని కానీ, రిఫ్లెక్టివ్ అని కానీ రాశారా చూడండి. పూత లేని రెండు పొరల అద్దం మన ఎండకు పెద్దగా చేసేదేమీ లేదు, అది చలి దేశాల వారికి వేడి బయటకు పోకుండా పనికొచ్చేది. అంచు సీలు పాడైతే రెండు పొరల మధ్య తేమ చేరి అద్దం పాలు పోసినట్టు తెల్లబడుతుంది, దానికి మార్చడం తప్ప మరమ్మతు లేదు. సముద్రపు గాలిలో ఆ సీలు ఎన్నేళ్లు ఉంటుందని అడిగితే నేను మాట ఇవ్వను.

స్టెయిన్‌లెస్ స్టీలు అని రాసినవారిని 304 రకమా, ఉప్పు గాలికి ఎక్కువ తట్టుకునే 316 రకమా అని అడగండి. లాసన్స్ బేలో నేను బిగించిన 304 రెయిలింగు మీద ఏడాదికే టీ మరకల్లాంటి తుప్పు చుక్కలు వచ్చాయి. ఆ ఇంటివారు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు.

టాప్‌ఫ్లోర్_తంటా
అపార్టుమెంటులో చివరి అంతస్తు వారు ఎవరైనా ఇది చదివి ఉత్సాహపడితే ఒక్క క్షణం ఆగండి. నేను మురళీనగర్‌లో మా ఫ్లాటు కప్పుకు రెండడుగుల కన్నం పెట్టిద్దామని మేస్త్రిని తీసుకువచ్చి డాబా మీద చాక్‌పీసుతో గీత గీయించగానే అసోసియేషన్ వారు మెట్లెక్కి వచ్చారు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ప్రకారం కప్పు ఉమ్మడి ఆస్తి, అందరి ఒప్పుదల లేకుండా నేను దాన్ని తాకడానికి లేదు. ఖర్చు అక్కడికి చాక్‌పీసు ఒకటి, మేస్త్రి ఒక పూట కూలి 600. గాలి కోసం ప్లానులో వదిలిన డక్టు మీద మూత వేసేవారికి కూడా ఇదే చెబుతున్నాను, అది మూస్తే కింది అంతస్తుల బాత్‌రూముల గాలి ఎటు పోతుంది?

పెంకుటింటి_పిల్ల
విజయనగరం దగ్గర మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వంటింటి మీద ఒకే ఒక్క గాజు పెంకు ఉండేది. పొయ్యి పొగలో ఆ వెలుగు ఒక కర్రలాగా ఏటవాలుగా నిలబడేది. పొద్దున అది ఉప్పు జాడీ మీద, పప్పు ఉడికే వేళకు రోలు దగ్గర ఉండేది, గడియారం చూడకుండా అమ్మమ్మ దాన్ని బట్టే తాతయ్యకు భోజనం వడ్డించేది. పగిలితే సంతలో ఇంకొకటి కొని, నిచ్చెన వేసి, పాతది లాగి కొత్తది దోపేవారు. కోత లేదు, సిలికాన్ లేదు.

ఇది జ్ఞాపకం కోసం మాత్రమే రాయలేదు. మా పెదనాన్నగారిది మండువా ఇల్లు. అక్కడ కన్నం ఒక్కటే, నడిమధ్యన. చుట్టూ ఉన్న నాలుగు గదులూ దాని నుంచే వెలుతురు తెచ్చుకునేవి. చీకటిహాలు గారి మెట్ల మీద నలభై చదరపు అడుగుల కన్నం ఇప్పటికే ఉంది కదా. ఆ మెట్లకూ హాలుకూ మధ్య ఏముంది?

చీకటిహాలు_ఎంవీపీ
గోడ ఉంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, దాని మీద మా అత్తగారి తరపు వారి గ్రూపు ఫొటో ఉంది.

సెంట్రింగ్_సూరి
పెంకుటింటి పిల్ల గారు నా ఫీజు పోగొట్టారు. ఇల్లు పిల్లర్లు, బీములతో కట్టినదైతే నాలుగున్నర అంగుళాల గోడ కేవలం అడ్డు, బరువు మోయదు. బీము కింద మూడడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు మేర ఇటుక తీసేసి అద్దం పెట్టుకోవచ్చు. శ్లాబు జోలికి పోనక్కరలేదు. మెట్ల మీది పాత షీటు ఎలాగూ మార్చవలసినదే కాబట్టి హాలు డబ్బులో కొంత అక్కడ పెట్టండి. అయినా గోడ పగలగొట్టే ముందు ఎవరినైనా పిలిచి పిల్లర్లు, బీములు ఎక్కడున్నాయో చూపించుకోండి, నేను ఫొటో కూడా చూడకుండా రాస్తున్నాను.

వాస్తు_చూసే_బావ
ఈశాన్యం వైపు గోడ తీస్తే మంచిదే. బ్రహ్మస్థానంలో, అంటే ఇంటి నడిమధ్యన, వెలుతురు పడటం ఇంకా మంచిది.

సెంట్రింగ్_సూరి
మంచిదే కానీ, చాలా ఇళ్లలో బ్రహ్మస్థానం మీదుగా బీము పోతుంది. దాన్ని కోయమని మాత్రం చెప్పకండి.

ఉక్కునగరం_విశ్రాంతి
మెట్ల మీద అయితే 14,000 ఇచ్చి పాలికార్బొనేటే వేయించండి. పదేళ్లు వచ్చింది కదా. ఇంకో పదేళ్లకు ఇంకో 14,000. రెండు సార్లు మార్చుకున్నా అద్దం ఖర్చు రాదు.

గాజువాక_గాజుపని
విశ్రాంతి గారి లెక్కను నేను కొట్టిపారేయను, కింద ఎవరూ కూర్చోని చోట పాలికార్బొనేట్ సరైన వస్తువే. కానీ వేసే పద్ధతిలో రెండు తప్పులు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తాయి. ఎండ దెబ్బ తగలకుండా యూవీ పూత ఒకవైపే ఉండే షీట్లే ఎక్కువ. ఆ వైపు పైకి ఉండాలని పైనున్న ప్లాస్టిక్ కాగితం మీద రాసే ఉంటుంది, పనివాళ్లు కాగితం ముందే పీకేసి తిరగేసి బిగిస్తారు. అలాంటిది రెండు మూడేళ్లకే పసుపు తిరుగుతుంది. రెండవది స్క్రూ కన్నం. తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ షీటు వేడిలో నలభై డిగ్రీల తేడా వస్తే ఆరడుగుల షీటు ఐదు మిల్లీమీటర్లు సాగుతుంది. కన్నం స్క్రూకు సరిగ్గా సరిపోయేలా వేస్తే సాగడానికి చోటు లేక అక్కడే చిట్లుతుంది. చీకటిహాలు గారు అంచుల్లో చిట్లింది అన్నారు, స్క్రూల దగ్గరేనా?

చీకటిహాలు_ఎంవీపీ
ఇప్పుడే నిచ్చెన వేసి చూసి వచ్చాను. పదహారు స్క్రూలలో పదకొండింటి దగ్గర చీలికలు ఉన్నాయి. చుట్టూ పూసిన సిలికాన్ ముట్టుకుంటే తోలులా ఊడి వచ్చింది.

గాజువాక_గాజుపని
పూసిన రోజున వెనిగర్ వాసన వచ్చిందా? వస్తే అది అసిటిక్ రకం, సిమెంటుకు సరిగా అంటదు, పాలికార్బొనేట్‌ను దెబ్బతీస్తుంది, ఇనుముకు తుప్పు తెస్తుంది. న్యూట్రల్ రకం ట్యూబుకు వంద, నూట యాభై ఎక్కువ అవుతుంది. ఆ మిగులు కోసమే మీరు ఇన్నాళ్లు గిన్నె పెట్టారు.

చీకటిహాలు_ఎంవీపీ
పదేళ్ల కిందటి వాసన గుర్తు లేదు కానీ, మా ఆవిడ మాత్రం వచ్చిందనే అంటోంది.

చీకటిహాలు_ఎంవీపీ
మూడు నెలల తరువాత వస్తున్నాను, పని అయింది. సూరి గారి సలహా ప్రకారం ఒక ఇంజనీరును పిలిచాను, చూసి గోడ అడ్డు గోడేనని రాసి ఇచ్చినందుకు 3,000 తీసుకున్నారు. మెట్ల మీద పాత కట్టను తొమ్మిదంగుళాలకు ఎత్తించి, డాబా గచ్చు నుంచి కట్ట పైదాకా వాటర్‌ప్రూఫ్ పూత వేయించడానికి 9,500 అయింది. అద్దం రెండు ముక్కలుగా 40 చదరపు అడుగులు, బూడిద రంగు లామినేటెడ్, 420 చొప్పున 16,800, జీఎస్టీ 3,024. జింకు పూసిన ఇనుప ఫ్రేము, పైపట్టీలు, స్క్రూలు కలిపి 8,200. న్యూట్రల్ సిలికాన్ ఆరు ట్యూబులు 2,400. ఒక్కొక్క ముక్క 56 కిలోలు కాబట్టి నలుగురు మనుషులు మోశారు, కూలి, బిగింపు కలిపి 6,000. గోడ తీసి మూడు బై ఎనిమిది అద్దం పెట్టి, అంచులు పూయడానికి 8,500. మొత్తం 57,424.

కట్టలో ఉత్తరం వైపు దోమల వలతో చిన్న లూవర్ (గాలి పోయే ఏటవాలు పలకల కిటికీ) పెట్టించమని ఇంజనీరే చెప్పారు, మెట్ల మీద చేరే వేడి గాలి దానిలోంచి పోతోంది. హాలులో పదింటి నుంచి నాలుగింటి దాకా లైటు అవసరం పడటం లేదు. దక్షిణపు మూల మాత్రం ఇంకా మసకగానే ఉంది, అక్కడ కూర్చుని పేపరు చదవలేము.

ఎండాడ_ఎండ
మే నెల గడిచాక మళ్లీ రాయండి.

సెంట్రింగ్_సూరి
అద్దానికి వాలు ఎంత ఇచ్చారు?

చీకటిహాలు_ఎంవీపీ
ఐదడుగుల వెడల్పులో ఆరంగుళాలు. రెండు బిందెలు నీళ్లు పోయించి చూశాను, ఎక్కడా నిలవలేదు. నిన్న రాత్రి మొదటి వాన పడింది, మూడో మెట్టు పొడిగానే ఉంది.

ఉక్కునగరం_విశ్రాంతి
57 వేలకు నాలుగు పాలికార్బొనేట్ కప్పులు వచ్చేవి. నలభై ఏళ్లు.

హుద్‌హుద్_బాధితుడు
ఆ నలభై ఏళ్లలో తుపానులు ఎన్ని వస్తాయో కూడా కలుపుకోండి.

టాప్‌ఫ్లోర్_తంటా
అత్తగారి తరపు గ్రూపు ఫొటో ఇప్పుడు ఎక్కడ పెట్టారు?

చీకటిహాలు_ఎంవీపీ
దక్షిణపు మూలన.